అప్‌డేట్: ట్రాఫిక్‌లో ఇంజిన్ హీటెక్కే సమస్య తీరింది, తప్పు ఫ్యాన్ కనెక్టర్‌ది

మా కారు హైవే మీద బాగానే ఉండి, విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగితే చాలు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్తోందని, ఏసీ వేసినా రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదని పోయిన నెల అడిగాను కదా, అది తేలిపోయింది. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. ఫ్యాన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడమన్న మాటే పనిచేసింది. ఇవ్వగానే గిర్రున తిరిగింది, అంటే మోటార్ బాగుంది. ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్) కూడా బాగానే ఉన్నాయి. ఆటో ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ దగ్గర వైర్లు కలిపే కనెక్టర్ ఊడదీస్తే లోపల ఒక పిన్ను నల్లగా మాడిపోయి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి అతుక్కుపోయి ఉంది. కొత్త కనెక్టర్ వేసి, తగ్గిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) నింపాక 10 రోజులుగా ఎంత ట్రాఫిక్‌లోనైనా ముల్లు సగం దాటలేదు. నేను తొందరపడి ముందే మార్పించిన థర్మోస్టాట్‌కీ (వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) ఈ సమస్యకీ సంబంధమే లేదు.