బేబీ రూత్ చాక్లెట్‌కు ఆ పేరు ఎవరిని బట్టి పెట్టారు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అమెరికాలో దొరికే బేబీ రూత్ చాక్లెట్ బార్ మా పిల్లలకు చాలా ఇష్టం. అది బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ పేరని మా చుట్టుపక్కల వాళ్లందరూ చెబుతుంటే, దాన్ని మొదట తయారు చేసిన కంపెనీ మాత్రం అమెరికా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ కూతురి పేరు పెట్టామని చెప్పిందట. వీటిలో నమ్మదగినది ఏది? ఆ ఆటగాడికి దీనివల్ల ఏమైనా డబ్బు ముట్టిందా?

మొదటి జవాబు:
కంపెనీ మాటను అంత తేలిగ్గా తీసిపారేయకూడదని నా అభిప్రాయం. షికాగోలో ఓటో ష్నెరింగ్ 1916లో స్థాపించిన కర్టిస్ కాండీ కంపెనీ, అంతకు ముందు తాము అమ్ముతున్న కాండీ కేక్ అనే మిఠాయిని మార్చి, లోపల నూగా అనే మెత్తటి తీపి ముద్ద, దాని చుట్టూ కారమెల్, వేరుశెనగ పలుకులు, పైన చాక్లెట్ పూతతో 1921లో బేబీ రూత్‌గా విడుదల చేసింది. క్లీవ్‌లాండ్ పెద్ద కూతురు రూత్ 1891లో, ఆయన రెండు పదవీకాలాల మధ్య పుట్టింది. ఆ పసిపాపను పత్రికలు బేబీ రూత్ అనే పిలిచేవి. అంటే ఆ ముద్దుపేరు కంపెనీ పుట్టించినది కాదు, అప్పటికే జనం నోళ్లలో నానినదే.

రెండో జవాబు:
పై మిత్రులు చెప్పిన వివరాలు నిజమే గానీ, సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వాదన నిలబడదు. ఆ అమ్మాయి 1904 జనవరిలో, పన్నెండేళ్ల వయసులో డిఫ్తీరియాతో కన్నుమూసింది. తండ్రి కూడా 1908లో పోయారు. పాప పోయిన పదిహేడేళ్లకు, ఐదు సెంట్ల మిఠాయికి ఆమె పేరు ఎవరికైనా ఎందుకు గుర్తొస్తుంది? అదే సమయంలో బేబ్ రూత్ ఎక్కడున్నాడో చూడండి. న్యూయార్క్ యాంకీస్ జట్టులో చేరిన 1920లో ఆయన 54 హోమ్ రన్‌లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు. అమెరికన్ లీగ్‌లో మరే జట్టూ, ఆటగాళ్లందరూ కలిసి కూడా, ఆ ఏడాది అన్ని కొట్టలేదు. చాక్లెట్ వచ్చిన 1921లో 59 కొట్టాడు. ఆ రోజుల్లో రూత్ అంటే దేశమంతటికీ మొదట గుర్తొచ్చేది ఆయనే.

ప్రశ్న అడిగినవారు:
మరి అంత స్పష్టంగా ఉంటే ఆయన కోర్టుకు ఎందుకు వెళ్లలేదు?

మూడో జవాబు:
వ్యవహారం కోర్టు దాకా వెళ్లిందండీ, కాకపోతే అడ్డుచెప్పిన పక్షం కర్టిస్ వారే. 1926లో బేబ్ రూత్ అసలు పేరైన జార్జ్ హెచ్. రూత్ పేరిట ఒక మిఠాయి కంపెనీ ఏర్పడి, రూత్స్ హోమ్ రన్ అనే పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకోబోయింది. అది తమ పేరుతో కలగాపులగమవుతుందని కర్టిస్ అభ్యంతరం చెప్పింది. 1931లో కస్టమ్స్, పేటెంట్ అప్పీళ్ల కోర్టు కర్టిస్ వైపే తీర్పునిచ్చింది. ట్రేడ్‌మార్క్ తగాదాల్లో ముఖ్యంగా చూసేది, సరుకు మీద ఆ పేరును ముందుగా వాడింది ఎవరు, కొనేవాళ్లు పొరబడతారా అన్న రెండు విషయాలను. అందుకే సొంత పేరుతో మిఠాయి అమ్ముకోవడానికి ఆ పేరు గల మనిషికే వీలు లేకపోయింది. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. ఆటగాడి పేరే పెట్టామని ఒప్పుకుంటే ఆయనకు వాటా ఇవ్వవలసి వచ్చేది కాబట్టి, కంపెనీకి అధ్యక్షుడి కూతురి కథ ఎంతో అవసరం.

ష్నెరింగ్ ప్రచారంలో ఘటికుడు. 1923లో పిట్స్‌బర్గ్ నగరం మీద విమానం నుంచి ఈ బార్లను, ఒక్కొక్క దానికి చిన్న పారాచూట్ కట్టించి, కిందికి వదిలించాడు. ఆ తర్వాత షికాగోలో రిగ్లీ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానం ఎదుట ఒక ఇంటి కప్పు మీద బేబీ రూత్ బోర్డు దశాబ్దాల పాటు నిలబడింది. పేరుకు ఆటతో సంబంధమే లేదన్నవారు బోర్డుకు ఆ చోటే ఎంచుకోవడం నాకైతే పెద్ద సాక్ష్యం.

ఇక మీరు అడిగిన డబ్బు సంగతి. బేబ్ రూత్ 1948లో చనిపోయేదాకా ఈ చాక్లెట్ మీద ఆయనకు రాయల్టీ ఏమీ దక్కలేదు. ఆయన పేరునూ బొమ్మనూ బేబీ రూత్ ప్రచారంలో వాడుకోవడానికి వారసుల పక్షాన అనుమతి ఇచ్చింది 1995లో.