ఎడిసన్‌కి కొత్త, రేడియోలో జాజ్ ఎలా వినాలి?

అందరికీ నమస్కారం. ఈమధ్యే న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చాను. కారులో ఆఫీసుకు వెళ్తుంటే ఒక స్టేషన్‌లో ఎప్పుడూ జాజే వస్తోంది. వినడానికి బాగుంది గానీ తలా తోకా తెలియడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు:

మీరు విన్నది 88.3 ఎఫ్ఎం, డబ్ల్యూబీజీవో అనే స్టేషన్ అయ్యుంటుంది. 1979 నుంచి నేవార్క్‌లో నడుస్తున్న పబ్లిక్ రేడియో. జాజ్ గాయని సారా వాన్, శాక్సఫోన్ వాయించే వేన్ షార్టర్ పుట్టిన ఊరు కూడా అదే. విరాళాల కోసం అప్పుడప్పుడు చాలాసేపు అడుగుతారు, విసుక్కుని స్టేషన్ మార్చేయకండి. శ్రోతలు ఇస్తేనే అలాంటివి బతుకుతాయి.

కర్ణాటక కచేరీ అలవాటున్న చెవికి జాజ్ కష్టం కాదు. ముందు అందరూ కలిసి పాట వరస వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ దాన్ని అందుకుని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు, మన మనోధర్మం లాగే. చివరికి మళ్లీ ఆ వరస దగ్గరికే వస్తారు. సోలో నడుస్తున్నంతసేపూ మొదటి వరసను మీలో మీరు కూనిరాగం తీస్తూ ఉండండి, దారి తప్పరు. కొన్ని పాటలయ్యాక అనౌన్సర్ ఎవరు ఏం వాయించారో చెప్తారు. అది మాత్రం వదులుకోకండి. నచ్చిన డ్రమ్మర్ పేరు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, ఆయన ఇంకెవరెవరితో వాయించారో వెతుక్కుంటూ పోవచ్చు.

ఫెస్టివల్ రికార్డింగులు వేస్తే తప్పకుండా వినండి, స్టూడియోలో రాని వేడి అక్కడ ఉంటుంది. రోడ్ ఐలండ్‌లో జరిగే న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్‌లో 1956లో పియానిస్టు డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయిస్తుంటే, మధ్యలో శాక్సఫోన్ మీద పాల్ గోన్సాల్వెస్ 27 కోరస్‌లు ఏకబిగిన వాయించారు. కోరస్ అంటే పాట వరస ఒక చుట్టు; ఇక్కడ ఒక్కో చుట్టు 12 బార్లు, బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది. వెనక జనం కేకలు పెరుగుతూ పోవడం వినండి, ఒళ్లు పులకరిస్తుంది. ఆయన ఊదింది రికార్డు కంపెనీ మైకులోకి కాదు, పక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి! అందుకే అప్పటి రికార్డులో ఆ సోలో ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. తర్వాత రేడియో వాళ్ల టేపు దొరికాక రెండింటినీ కలిపి 1999లో స్టీరియోలో విడుదల చేశారు. మీరు ఆ 1999 దే వినండి.

ఇంకొకరి జవాబు:

పై మాటలన్నీ నిజం. దీనికి 89.9 కూడా కలపండి, కొలంబియా యూనివర్సిటీ వాళ్ల డబ్ల్యూకేసీఆర్. శాక్సఫోన్ దిగ్గజాలిద్దరిలో లెస్టర్ యంగ్ పుట్టినరోజు ఆగస్టు 27, చార్లీ పార్కర్ ది 29. ఆ రోజుల్లో పగలూ రాత్రీ వాళ్ల సంగీతమే వేస్తారు. ఫిల్ షాప్ అనే ఆయన అక్కడ ఏళ్ల తరబడి పార్కర్ మీదే కార్యక్రమం నడిపారు, 2021లో పోయారు. ఒక్క పాట గురించి అంత ఓపిగ్గా మాట్లాడే మనిషి మళ్లీ దొరకడం కష్టం. ఎడిసన్‌లో సిగ్నల్ గరగరలాడితే వాళ్ల వెబ్‌సైట్‌లో వినొచ్చు.

అన్నట్టు, మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ కుర్రతనంలోనే బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించారు. జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ఆయన చేసినవి కూడా వినండి, చాలామంది తెలుగువాళ్లకు జాజ్‌లోకి దారి అదే.

న్యూపోర్ట్ ఫెస్టివల్ జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో వస్తుంది. వెళ్లాలనుకుంటే టికెట్లు ముందే కొనుక్కోండి, చివరిదాకా ఆగితే దొరక్కపోవచ్చు.