పల్చటి హైడ్రోజన్ పట్టాలంటే ఒక్క పెద్ద డిష్షా, డిష్‌ల గుంపా?

కృష్ణలంక కుర్రాడు:
మన పాలపుంతలో ఏడాదికి ఒకటో రెండో సూర్యుళ్ళంత సరుకు నక్షత్రాలుగా మారుతుందంట, ఉన్న గ్యాస్ రెండు మూడొందల కోట్ల ఏళ్ళలో అయిపోవాలి, మరి వెయ్యి కోట్ల ఏళ్ళుగా నడుస్తానే ఉందంటే బయట్నుంచి వస్తుండాలి కదా. దానికోసమే పక్క గెలాక్సీల చుట్టూ పల్చటి హైడ్రోజన్ గ్యాస్ పంపే 21 సెంటీమీటర్ల రేడియో తరంగం వెతుకుతున్నారు. నేననేదేంటంటే పుణె దగ్గర మన రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీకి 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి, అమెరికాలో గ్రీన్‌బ్యాంక్‌ది 100 మీటర్లది ఒక్కటే, వైశాల్యంలో మనదే ఐదు రెట్ల పైన. ఇంక వాళ్ళ గొప్పేంటి?

బ్రాడీపేట మాస్టారు:
వైశాల్యం ఒక్కటే చూస్తే ఎట్లా బాబూ. గుంపులో డిష్‌లని జతలు జతలుగా కలిపి చూస్తారు, ఎడం పెరిగేకొద్దీ సన్న వివరం తెలిసిద్ది, వెడల్పుగా సమంగా పరుచుకుంది మాత్రం లెక్కలోంచి జారిపోయిద్ది. జీఎంఆర్‌టీలో బాగా దగ్గరున్న జతకే దాదాపు 100 మీటర్ల ఎడం. 21 సెంటీమీటర్లని 100 మీటర్లతో భాగించి కోణంలోకి మార్చు, 7 ఆర్క్‌మినిట్లు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌మినిట్) వచ్చిద్ది. అంతకన్నా వెడల్పు మబ్బు ఎంత గ్యాస్ ఉన్నా కనపడదు. చందమామే 30 ఆర్క్‌మినిట్లు ఉంటాడు! ఇంక 25 కిలోమీటర్ల ఎడం ఉన్న జతలంటావా, బెజవాడ నుంచి మంగళగిరి దాటి గుంటూరు దగ్గరికొచ్చినంత, అవి ఈ పనికి దండగ.

పటమట సుబ్బు:
మాస్టారూ, ఒంటి డిష్‌కున్న రోగం చెప్పలేదేంటండీ. గ్రీన్‌బ్యాంక్‌కి 9 ఆర్క్‌మినిట్లంతా ఒకటే చుక్క. 3.3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఆ చుక్క 85 వేల కాంతి సంవత్సరాల వెడల్పు, గెలాక్సీ దాదాపు అందులోనే పట్టిద్ది, మరి వచ్చిన సిగ్నల్ చుట్టూ ఉన్న గ్యాస్‌దో, గెలాక్సీ పళ్ళెం (డిస్క్)దో ఎవరు చెప్పాలి? 2004లో నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ డిష్‌లని విడివిడిగా వాడి, మన పక్క గెలాక్సీలు ఆండ్రోమెడాకీ ఎం33కీ మధ్య హైడ్రోజన్ వంతెన ఉందన్నారు, తర్వాత గ్రీన్‌బ్యాంక్‌తో ఇంకాస్త సన్నగా చూస్తే దాంట్లో సగం విడి మబ్బులని తేలింది.

బ్రాడీపేట మాస్టారు:
ఆ సన్నగా చూసింది కూడా ఒంటి డిష్షే కదయ్యా సుబ్బూ.

ఉండవల్లి:
మీరు మీరు కొట్టుకోండి గానీ అసలు గ్యాస్ బాగా పల్చబడితే బయటి అల్ట్రావయొలెట్ వెలుగు హైడ్రోజన్‌కున్న ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టేసిద్ది, అప్పుడింక 21 సెంటీమీటర్లు రాదు, ఏ డిష్ పెట్టినా అంతే. ఆండ్రోమెడా చుట్టూ ఉన్న గ్యాస్‌ని హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌తో, వెనక చాలా దూరంలో వెలిగే 43 క్వేజార్ల (గెలాక్సీల నడిబొడ్డు దీపాల) వెలుగులో ఈ గ్యాస్ మింగిన చోట పడ్డ గీతల్ని బట్టి పట్టారు (2020), రేడియోతో కాదు. కాబట్టి దొరకలేదంటే లేదని కాదు.

కృష్ణలంక కుర్రాడు:
సరే మరి దక్షిణాఫ్రికా రేడియో టెలిస్కోప్ మీర్‌క్యాట్ సంగతేంటి మాస్టారూ? డిష్‌లు 13.5 మీటర్లే, 64 ఉన్నాయి, దగ్గర జత ఎడం 29 మీటర్లు, మీ లెక్కే వేస్తే 25 ఆర్క్‌మినిట్లు వస్తుంది. గెలాక్సీకి 55 గంటల చొప్పున 30 గెలాక్సీలు చూసే పని పెట్టుకున్నారు. గుంపే కదా అది!

బ్రాడీపేట మాస్టారు:
గుంపే, కాదన్లా. కానీ 25 దాటి పరుచుకుంది ఏమైనట్టు? మొత్తం ఎంతుందో తేలాలంటే పెద్ద డిష్ డేటా తెచ్చి కలపాల్సిందే.

పటమట సుబ్బు:
కలుపుతారు సరే, రెండిటి కాలిబ్రేషన్ (కొలతల సరిచూపు) కొంచెం తేడా వచ్చినా చాలు, లేని గ్యాస్ పుట్టుకొచ్చిద్ది. అది ఎవరు చూస్తారండీ?