ట్రిగ్గర్ ప్యాడ్ల మీద డప్పు: సిటికెన పుల్ల దెబ్బ పలకడం లేదు

ప్రశ్న (హన్మకొండ)

మిత్రులందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఒక ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయిస్తాను. ఇంతకాలం ఆక్టోప్యాడ్‌తోనే (ఒకే పెట్టెలో ఎనిమిది ప్యాడ్లుండే ఎలక్ట్రానిక్ వాద్యం) నెట్టుకొచ్చాను. బతుకమ్మ కార్యక్రమాల కోసం ఈ మధ్య ఒక డ్రమ్ మాడ్యూల్‌ను (ప్యాడ్ల దెబ్బలకు శబ్దాలు పలికించే పెట్టె), మెష్ (తోలుకు బదులు వాడే జాలీ గుడ్డ) బిగించిన నాలుగు విడి ప్యాడ్లను పాతవి కొని, మా ఊరి డప్పు కళాకారుల దగ్గర రికార్డు చేసుకున్న శబ్దాలను మాడ్యూల్‌లోకి ఎక్కించాను. కుడిచేతి సిర్ర (లావు కర్ర) దెబ్బకు ఒక ప్యాడ్, ఎడమచేతి సిటికెన పుల్ల (సన్నని పుల్ల) దెబ్బకు దాని పక్క ప్యాడ్ పెట్టుకున్నాను. మూడో ప్యాడ్ మీద రెండు చేతులతో దరువు వేస్తాను.

సిర్ర బాగానే పలుకుతున్నది. పుల్లతో మెల్లగా వేసే దెబ్బలు మాత్రం సగానికి సగం వినిపించడం లేదు. అవి పలకాలని థ్రెషోల్డ్ (దెబ్బగా లెక్కించే కనీస అదురు హద్దు) తగ్గిస్తే, సిర్ర ప్యాడ్ కొట్టినప్పుడల్లా పుల్ల ప్యాడ్ కూడా మోగుతున్నది. బేస్ బాక్సులు గట్టిగా కొడుతుంటే ఎవరూ ముట్టుకోకుండానే మోగుతున్నది. మూడో ప్యాడ్ మీద ఒక్క దెబ్బ రెండుగా వస్తుంటే మాస్క్ టైమ్‌ను (ఒక దెబ్బ తర్వాత ప్యాడ్ కొత్త దెబ్బను పట్టించుకోని సమయం) 40 మిల్లీసెకన్లకు పెంచాను, దాంతో జోడు దెబ్బలు పోయాయి కాని తీన్మార్ వేగం అందుకోగానే నా సొంత దెబ్బలు కూడా రాలిపోతున్నాయి. డప్పులో ఆ పుల్ల పలుకు లేకపోతే అది డప్పు కానే కాదు, కాబట్టి దీన్ని ఎలాగైనా సరిచేసుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

జవాబు (కరీంనగర్)

మీరు మెనూలో వెతుకుతున్న తప్పు చాలావరకు ప్యాడ్‌లోనూ స్టాండులోనూ ఉండి ఉంటుంది. ప్యాడ్ లోపల ఉండేది పీజో బిళ్ళ, అంటే ఇత్తడి రేకు మీద అతికించిన సన్నని సెరామిక్ పొర. అదురు తగిలితే అది చిన్న వోల్టేజీని పుట్టిస్తుంది. ఆ అదురు పుల్ల నుంచి వచ్చిందా, స్టాండు గొట్టం గుండా పక్క ప్యాడ్ నుంచి వచ్చిందా, బేస్ బాక్సు నుంచి వేదిక చెక్కల గుండా వచ్చిందా అన్నది దానికి తెలియదు. మాడ్యూల్ సెట్టింగులన్నీ తర్వాత చేసే ఏరివేతలే.

మీవి పాత ప్యాడ్లు అన్నారు కాబట్టి ముందుగా పుల్ల ప్యాడ్ విప్పి, పీజో మీద నిలబెట్టిన స్పాంజి ముక్కను చూడండి. దాని కొస అంచు కంటే కొద్దిగా పైకి వచ్చి మెష్‌ను ఆనుకొని ఉండాలి. ఏళ్ల తరబడి దెబ్బలు తిని అది నొక్కుకుపోతే మెల్లని దెబ్బ పీజో దాకా చేరదు, అప్పుడు థ్రెషోల్డ్ ఎంత తగ్గించినా మీకు దొరికేది చెత్త అదురే తప్ప దెబ్బ కాదు. ఆ తర్వాత మెష్ బిగువు. డప్పును మంటకు కాపి, తోలు బిగిసిందా లేదా అని వేలితో కొట్టి వింటాం కదా, అలాగే ప్రతి బోల్టు పక్కన మెష్‌ను వేలితో తట్టి చూస్తూ, ఎదురెదురు బోల్టులను పావు చుట్టు చొప్పున బిగించండి. వదులు మెష్ దెబ్బ తర్వాత కూడా ఊగుతూనే ఉంటుంది, జోడు దెబ్బలకు అదొక పెద్ద కారణం.

నాలుగు ప్యాడ్లూ ఒకే స్టాండుకు బిగించి ఉంటే పుల్ల ప్యాడ్‌నైనా విడదీసి వేరే స్టాండుకు పెట్టండి. అది కుదరకపోతే క్లాంపు పట్టే చోట పాత సైకిల్ ట్యూబు ముక్కను రెండు మడతలు వేసి చుట్టండి. స్టాండు కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాటు వేయండి.

ఇవన్నీ అయ్యాకే మెనూ. మొదట ట్రిగ్గర్ టైప్ (మీది ఏ రకం ప్యాడో మాడ్యూల్‌కు చెప్పే సెట్టింగు) ఎంచుకోండి, ఎందుకంటే చాలా మాడ్యూళ్లలో టైప్ మార్చగానే మిగతా విలువలన్నీ దానికి తగ్గట్టు మారిపోతాయి. తర్వాత సెన్సిటివిటీ: మీరు వాయించేటప్పుడు వేసే అతి గట్టి దెబ్బకు మాత్రమే వెలాసిటీ (దెబ్బ బలాన్ని చూపే అంకె) గరిష్ఠమైన 127 చేరాలి. మామూలు దెబ్బకే 127 వస్తే పైన చోటు మిగలదు, డప్పు అంతా ఒకే గొంతుతో అరుస్తుంది. దాని తర్వాతే థ్రెషోల్డ్‌ను సున్నా నుంచి ఒక్కొక్క అంకె పెంచుతూ, బేస్ మోగుతున్నప్పుడు ప్యాడ్ నిశ్శబ్దంగా ఉండే తొలి అంకె దగ్గర ఆపండి.

జవాబు (కాజీపేట)

పై సోదరుడు చెప్పిన వరుస సరైనది. మాస్క్ టైమ్, క్రాస్‌టాక్ (ఒక ప్యాడ్ కొడితే పక్కది కూడా మోగడం) గురించి మాత్రం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే డప్పు విషయంలో ఈ రెండూ మందు పేరుతో ప్రాణం తీస్తాయి.

మాస్క్ టైమ్ అంటే ఒక దెబ్బ పడ్డాక అన్ని మిల్లీసెకన్ల పాటు ఆ ప్యాడ్ చెవులు మూసుకోవడం. నిమిషానికి 150 బీట్ల వేగంలో ఒక్కో బీటుకు నాలుగు దెబ్బలు వేస్తే దెబ్బకు దెబ్బకు మధ్య 100 మిల్లీసెకన్లు ఉంటాయి, ఎనిమిది వేస్తే 50 మాత్రమే. చేతి దెబ్బలు గడియారంలా పడవు కాబట్టి ఆ 50 ఒక్కోసారి 40 కంటే కిందికి వస్తుంది, మీ దెబ్బ రాలిపోతుంది. మూడో ప్యాడ్ మీద సిర్ర, పుల్ల దాదాపు కలిసి పడే జంట దెబ్బలో ఎడం ఇంకా తక్కువ, అక్కడ పుల్ల ఎప్పటికీ వినిపించదు. మాస్క్‌ను 10 దగ్గరకు దించి, మిగిలిన జోడు దెబ్బలను రీట్రిగ్గర్ క్యాన్సిల్‌తో కొద్దికొద్దిగా తగ్గించండి. అది కాలాన్ని కొలవదు, తగ్గిపోతున్న అదురులో లేచే చిన్న అలలను కొత్త దెబ్బలుగా పొరబడకుండా చూస్తుంది. అది కూడా ఎక్కువైతే దరువు చిక్కదనం పోతుంది.

క్రాస్‌టాక్ క్యాన్సిల్‌ను తప్పుగా మోగుతున్న ప్యాడ్‌కు, అంటే మీ పుల్ల ప్యాడ్‌కు పెంచాలి. అయితే రెండు ప్యాడ్లలో ఒకేసారి కదలిక వచ్చినప్పుడు బలహీనమైనదాన్ని మాడ్యూల్ కొట్టేస్తుంది. సిర్రతో పాటు నిజంగానే మెల్లగా వేసిన పుల్ల దెబ్బ కూడా దానికి అలాగే కనబడుతుంది. అందుకే స్టాండు విడదీయడం తప్పనిసరి అంటున్నాను.

ప్రశ్న అడిగినవారు (హన్మకొండ)

అన్నలిద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి పుల్ల ప్యాడ్ విప్పాను. స్పాంజి కొస అణిగిపోయి చొక్కా గుండీలా చదునుగా ఉంది, మెష్‌కు దానికి మధ్య గోరు దూరేంత సందు ఉంది. కొత్త స్పాంజి దొరికేదాకా పీజో కింద పలుచటి ఫోమ్ ముక్క పెట్టి ఎత్తు పెంచాను. అంతటితోనే, థ్రెషోల్డ్ మొదట ఉన్నచోటే ఉంచినా, వేళ్లతో మీటినంత మెల్లని దెబ్బ కూడా పలికింది. ఆ ప్యాడ్‌ను వేరే స్టాండుకు మార్చాక క్రాస్‌టాక్ విలువ సగానికి దిగింది. మూడో ప్యాడ్‌కు ఒకవైపు బోల్టులు రెండు పూర్తిగా వదులై ఉన్నాయి. బిగించి మాస్క్ 12కు తెచ్చాను, జంట దెబ్బ విడివిడిగా వినిపిస్తున్నది.

బేస్ బాక్సుల దగ్గర మాత్రం ఇంకా అప్పుడప్పుడు మోగుతున్నది. రేపు సౌండ్ చెక్‌లో స్టాండును చెక్క వేదిక మీద కాకుండా పక్కన నేల మీద మ్యాటు వేసి పెట్టి చూసి, థ్రెషోల్డ్ ఏ అంకె దగ్గర ఆగిందో ఇక్కడే రాస్తాను.