ప్రాణాలకు తెగించి, ప్రాణాలొడ్డి, ప్రాణాలు లెక్కచేయకుండా... మూడూ ఒకటేనా?

అందరికీ నమస్కారమండీ. ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు కదా, మా కాలనీ తరఫున ఇక్కడి ఫైర్ స్టేషన్ ముందు ఒక ఫ్లెక్సీ కట్టిద్దామనుకున్నారు. "ప్రాణాలను లెక్కచేయని వీరులకు వందనం" అని కమిటీవాళ్లు రాయించి, చూపించి రమ్మని నన్ను పంపారు. అక్కడ ఒక పెద్దాయన చదివి, "బాగుంది సార్, కానీ లెక్కచెయ్యకపోతే మమ్మల్ని లోపలికే పోనివ్వరు" అన్నాడు. పొగలోకి వెళ్లేప్పుడు వీపున కట్టుకునే గాలి సిలిండర్ తెచ్చి చూపించాడు. ఎవరు ఎన్నింటికి లోపలికెళ్లారో బయట ఒకరు రాసుకుంటూ ఉంటారట, గాలి తగ్గితే విజిల్ మోగుతుంది, అది మోగిందంటే ఇంకొక్క గది చూసొస్తానంటే కుదరదు, ఇద్దరూ కలిసి వెళ్లాలి కలిసే రావాలి. ఇంత లెక్క పెట్టుకుని మంటలోకి దిగేవాళ్లని లెక్కచేయనివాళ్లు అనడం నాకు అప్పట్నుంచీ మింగుడు పడట్లేదు. పేపర్లలో ఈ మూడు మాటలూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు, తేడా ఉందంటారా?

—

తేడా ఉందన్నా, ఎందుకు లేదు. తాడు తెగుతది, మనం తెంపుతం, మరి తెగించుడు అంటే? లోపల పట్టుకొని ఆపేది ఒకటి ఉంటది చూడు, భయం గానీ ఇంటి మీద పాణం గానీ, ఆ కట్టు తెంపుకొని ముందటికి పోవుడు. అందుకే అది మంచికీ వాడతరు చెడ్డకీ వాడతరు. "వాడు దేనికైనా తెగిస్తడు" అంటే మా దిక్కు మెచ్చుకున్నట్టు కాదు, జర పైలం అని. బరితెగించిండు అంటే ఇగ చెప్పనే వద్దు. తెగించినోనికి తెడ్డే లింగం అని సామెత కూడా ఉండె. నాకు ఎప్పటినుంచో ఒక డౌటు, "హత్యకు తెగించాడు" అన్నప్పుడు "కు" అంటే ఆ పని చేయడానికి అని, మరి "ప్రాణాలకు తెగించి"లో "కు" ఏంది? ప్రాణాలు తీయడానికి కాదు కదా.

—

మంచి ప్రశ్నండి. నాకు తోచింది చెప్తాను, "చావుకు తెగించి" అంటాం కదా, అక్కడ "కు" సూటిగానే ఉంది, చావుకైనా సిద్ధపడి అని. ప్రాణాలకు అన్నప్పుడు "ప్రాణాలు పోవడానికైనా" అన్నదాంట్లో పోవడం అన్న ముక్క నోట్లోనే ఆగిపోయింది. అలాంటి మాట పైకి అనకుండా దాటేయడం మనకి అలవాటే, దీపం ఆర్పు అనకుండా కొండెక్కించు అనట్లేదూ.

ఇక ఒడ్డడం వేరు. పందెం ఒడ్డడం, పణంగా పెట్టడం. పందెం ఒడ్డినవాడికి అది పోవాలని ఉండదు, తిరిగి దక్కాలనే ఉంటుంది. దాని విలువ పైసాతో సహా తెలిసే ముందు పెడతాడు. మీ ఫైర్ స్టేషన్ పెద్దాయన చెప్పింది అదేగా! వాళ్లకి "ప్రాణాలొడ్డి" అన్నదే సరైన మాట అని నా అభిప్రాయం, లెక్కచేయకుండా అన్నది మాత్రం ఎవరికీ నప్పదు, అది వాళ్ల ట్రైనింగునీ వాళ్లకోసం ఎదురుచూసే ఇంటినీ రెండింటినీ కొట్టిపారేస్తుంది.

—

ఒడ్డి అన్న మాట నాకు భలే నచ్చిందండీ, థ్యాంక్స్. కానీ తెగించి అన్నది తప్ప ఇంకేదీ సరిపోని చోట్లు కూడా ఉన్నాయి. 2008 నవంబర్ 26 రాత్రి ముంబై గిర్‌గావ్ చౌపాటీ దగ్గర పోలీసులు ఉగ్రవాదుల కారు ఆపినప్పుడు ఏఎస్సై తుకారాం ఓంబ్లే చేతిలో ఉన్నది లాఠీ. కసబ్ తుపాకీ పైకెత్తేసరికి ఆయన దాని గొట్టం పట్టుకున్నాడు, తూటాలు ఒంట్లోకి దిగుతున్నా వదల్లేదు, ఆ కాసేపట్లోనే మిగతావాళ్లు కసబ్‌ని ప్రాణాలతో పట్టుకోగలిగారు. ఆయనకి చనిపోయాక అశోక చక్ర ఇచ్చారు. అక్కడ లెక్క వేసుకునే టైమ్ ఏది? పట్టి ఆపేవన్నీ ఆ క్షణంలో తెగిపోవాలి అంతే. తెగువ అంటే నాకిప్పుడు ఆ చేతులే కనిపిస్తాయి.

—

నాదొక బాధ ఉంది, ఇక్కడే చెప్తా. సైనికుడు పోతే "వీరమరణం" అని రాస్తారు, రాయాలి కూడా, మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో తన జవాన్ల ముందు నిలబడి ప్రాణాలిచ్చారు, ఆ రాత్రి 20 మందిని పోగొట్టుకున్నాం, ఆ మాటకి ఆయన నూటికి నూరుపాళ్లు తగినవారు, మహావీర్ చక్ర వచ్చింది. అదే ఫైర్‌మన్ పోతే "విధి నిర్వహణలో మృతి" అని లోపలి పేజీలో రెండు లైన్లు. అసలు ఏప్రిల్ 14 ఎందుకు పెట్టారో ఎంతమందికి తెలుసు? 1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకి నిప్పంటుకుంది, లోపల పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు రెండూ ఉన్నాయి, మధ్యాహ్నం నుంచి నీళ్లు కొడుతూనే ఉన్నారు, సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. వీరమరణం అన్న మాట వీళ్లకి పనికిరాదా? యుద్ధంలో చస్తేనే వీరుడని ఏ నిఘంటువు చెప్పిందండీ?

—

మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. ఇంకొకళ్లని కూడా కలపండి, యూనిఫాం లేనివాళ్లని. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పుడు 26 మంది బయటపడ్డారంటే మొదట చేరుకుని లాగింది తూటుగుంట ఊరివాళ్లు, నాటుపడవల్లో, అంత వరదలో. మాది గోదావరి ఒడ్డే, వరద గోదారిలోకి నాటుపడవ దించడం అంటే ఏంటో పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవాళ్లం. వాళ్లకి ఏ సుడి ఎక్కడుందో తెలుసు, తెలిసే దిగారు. పేపర్లో మాత్రం "స్థానికులు రక్షించారు" అని రాసి ఊరుకున్నారు. ఆ "స్థానికులు" స్థానంలో ఊరి పేరైనా రాయాలి కదండీ?