నాయిన తాగొచ్చిన రాత్రి తమ్ముణ్ని ఎత్తుకోని ఏడికి పోవాలె?

ప్రశ్న (దేవరకొండ దిక్కు నుంచి):
నాకు పదహారేండ్లు, ఇంటర్ ఫస్టియర్, తమ్మునికి తొమ్మిది నెలలు. నాయిన రోజూ తాగొచ్చి అమ్మను కొడతడు, ఇది కొత్త గాదు గానీ తమ్ముడు పుట్టినంక నాకు భయం ఎక్కువైంది. మలుపుకాడ బండి సప్పుడు ఇనబడంగనే చీర ఊయలల కెంచి వాణ్ని తీసి సంకనేసుకోని ఎనక దర్వాజ నుంచి పక్కింటి పెద్దమ్మోళ్ల కాడికి ఉరుకుత, పాలసీస ముందే చున్నీల మూటగట్టి పెట్టుకుంట. ఇప్పుడు వాడు గూడ ఆ సప్పుడు ఇంటే ఏడుపు బంద్ చేసి నా మెడ గట్టిగ పట్టుకుంటున్నడు, గంత చిన్నోనికి ఎట్ల ఎర్కైతదో. నిన్న రాత్రి నేను బాత్రూంల ఉన్న, వాడు ఏడుస్తుండని నాయిన రెక్కలు పట్టి గట్టిగ ఊపిండు. అమ్మకు చెప్పకుంట వాణ్ని తీస్కోని హైదరాబాద్‌ల పిన్ని దగ్గరికి బస్సెక్కుదామనుకుంటున్న. ఎవలికన్న చెప్తే ఇద్దర్ని చెరో హాస్టల్ల ఏస్తరంట, నిజమేనా?

జవాబు (అంగన్‌వాడీ టీచర్):
బిడ్డా, బస్సు సంగతి తర్వాత, ముందుగాల ఊపిన సంగతి. ఏడాది లోపు పిల్లల మెడకు అంత బలం ఉండదు, అట్ల ఊపితే పైకి దెబ్బ కనబడకున్నా తల లోపల రక్తం కారొచ్చు. ఇయ్యాల్నే సర్కారు దవాఖానకు తీస్కపో, జారిపడ్డడని చెప్పకు, ఉన్నదున్నట్టు చెప్పు. వాంతులైనా, పాలు పట్టకున్నా, లేపితే లేవనంత మత్తుగ పన్నా ఆగకు, 108 కొట్టు. మీ ఊరి అంగన్‌వాడీ టీచర్‌కు, ఆశా వర్కర్‌కు గూడ చెప్పు, మేం ఇంటికి రావొచ్చు, ఎందుకొచ్చిన్రని ఎవ్వరడగరు.

జవాబు (పాలమూరు అక్క):
నీ లెక్కనే నేను మా చెల్లెను ఎత్తుకోని పోయిన, నాకప్పుడు పదిహేను. పాలు అయిపోయినయి, అది తెల్లందాక ఏడ్చింది, బస్టాండ్‌ల ఎవడో మనిషి ఎంబడే తిరిగిండు, పొద్దుగాల చుట్టాలు మళ్ల నాయినకే అప్పజెప్పిన్రు. అందుకే చెప్తున్న, ఒక్కదానివే రాత్రి పోకు తల్లీ. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, పైసలు పడయి, రాత్రయినా ఎత్తుతరు. కొడుతున్న టైంల అయితే పోలీసోళ్లకు 112 కొట్టు. నువ్వు గూడ ఇంక పిల్లవే, వాని బాధ్యత మొత్తం నీ ఒక్కదాని నెత్తిమీద లేదు.

జవాబు (నల్గొండ, లాయర్):
హాస్టల్ భయం గురించి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని హోంలో పెట్టడం ఆఖరి మార్గం, ముందు చూసేది కుటుంబాన్నే, కాబట్టి బాలల సంక్షేమ సమితి (పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే జిల్లా కమిటీ) ముందు పిన్ని పేరు చెప్పు, ఇద్దరం కలిసే ఉంటామని నోరు తెరిచి అడుగు. అమ్మను మాత్రం వదిలిపెట్టి పోవద్దు. మహిళా హెల్ప్‌లైన్ 181కి చేస్తే సఖి సెంటర్ (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) వాళ్లు మాట్లాడతారు, అక్కడ మీ ముగ్గురూ కొన్ని రోజులు కలిసే ఉండొచ్చు. 2005 గృహహింస చట్టం కింద, ఇల్లు నాన్న పేరు మీద ఉన్నా సరే, కొట్టే మనిషినే ఇల్లు ఖాళీ చేయమని మేజిస్ట్రేట్ చెప్పగలరు, ఈ మాట అమ్మకు తెలియాలి, చాలామంది ఆడవాళ్లు ఇది తెలియకనే పడి ఉంటారు.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
నాయిన పనికి పోయినంక అమ్మకు మొత్తం చూపెట్టిన. ఏడ్సింది, తర్వాత తమ్ముని టీకాల కార్డు, ఆధార్‌లు సంచిల ఏసింది. పెద్దమ్మ ఆటో పిలిచింది, దవాఖానకు పోతున్నం. 1098 ఆటోల నుంచే చేస్త.