కళాశాల ప్రాంగణానికి జీవం పోసేది భవనాలా, చెట్లా, వాటి మధ్యనున్న ఖాళీ స్థలమా?

ప్రశ్న (సర్జాపుర అధ్యాపకుడు)

బెంగళూరులోని తెలుగువారందరికీ నమస్కారం. నేను సర్జాపుర వైపున్న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతాను. మా యాజమాన్యం ఊరి వెలుపల కొత్త ప్రాంగణం కట్టాలని నిశ్చయించి, నమూనాలను పరిశీలించే కమిటీలో నన్ను కూడా వేసింది. వచ్చిన నమూనాలన్నింటిలోనూ ముందువైపు నిలువెత్తు అద్దాల గోడ, దాని ముందు పచ్చిక, ఫౌంటెన్, వరుసగా పామ్ చెట్లు ఉన్నాయి. అడ్మిషన్లకు వచ్చే తల్లిదండ్రులు వాటిని మెచ్చుకుంటారనడంలో సందేహం లేదు గానీ, నాలుగేళ్లు అక్కడే చదివే పిల్లలకు ఆ చోటు మీద మమకారం పుడుతుందా అన్నదే నా సందేహం. బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎంను, యశ్వంతపురం దగ్గరి ఐఐఎస్‌సీని చూసినవారు ఆ వాతావరణమే వేరంటారు. ఆ తేడా కట్టడాల వల్ల వచ్చిందా, చెట్ల వల్లనా, లేక ఆ సంస్థల పేరుప్రతిష్ఠల వల్ల మనకలా తోస్తుందా? మాలాంటి మామూలు కళాశాల వాటి నుంచి నిజంగా తీసుకోదగినది ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (జయనగర్ ఆర్కిటెక్టు)

మాస్టారూ, మీ సందేహం సరైనదే. ఐఐఎం ప్రాంగణానికి రూపమిచ్చిన బాలకృష్ణ దోషి అంతకు ముందు అహ్మదాబాద్ ఐఐఎం నిర్మాణంలో అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్‌తో కలిసి పనిచేశారు. అక్కడ అంతా ఇటుక. ఇక్కడికొచ్చేసరికి ఆయన ఈ నేలలో దొరికే బూడిదరంగు గ్రానైటును గరుకుగానే వాడారు. ఫతేపూర్ సిక్రీలో భవనాలూ ముంగిళ్లూ ఒకదానిలోకి ఒకటి తెరుచుకునే తీరు తనకు ప్రేరణ అని ఆయనే చెప్పుకున్నారు. 2018లో ఆర్కిటెక్టులకిచ్చే అత్యున్నత గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు. ఆ గౌరవం దక్కిన తొలి భారతీయుడు ఆయనే.

అయితే అక్కడ చూడవలసింది రాయి కాదు, వరండాలు. కొన్ని చోట్ల పైన కప్పు ఉంటుంది, కొన్ని చోట్ల దూలాల వరుస మాత్రమే ఉండి ఎండ చారలు చారలుగా నేల మీద పడుతుంది, మరికొన్ని చోట్ల ఆకాశమే కప్పు. ఒక గది నుంచి మరో గదికి వెళ్లే మనిషి వెలుగు నుంచి నీడకు, నీడ నుంచి తోటకు దాటుతూ వెళతాడు కాబట్టి అతని నడక దానంతటదే నెమ్మదిస్తుంది. నెమ్మదించినవాడు ఎదురైనవాడిని పలకరిస్తాడు. తరగతిలో అడగలేని ప్రశ్న అక్కడ అడుగుతాడు. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో ఏడాదిలో చాలా భాగం ఇలా ఆరుబయట గడపవచ్చు. మీకొచ్చిన నమూనాల్లో జరగబోయేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పడమటి ఎండ అద్దం మీద పడితే ఏసీ తప్పదు, ఏసీ పెడితే కిటికీలు మూయాలి, అప్పుడు రెండు వైపులా గదులుండి మధ్యలో పగలే లైట్లు వెలిగించుకోవలసిన ఇరుకు నడవా మిగులుతుంది. అందులో నిలబడి మాట్లాడుకునేవారు దారికి అడ్డమే అవుతారు.

డబ్బు తక్కువైతే ఒక్క పని చేయించండి. వరండా అంచున రెయిలింగ్‌కు బదులు, కనీసం కింది అంతస్తులోనైనా, మన పాత ఇళ్ల అరుగులాంటిది కట్టించండి. ఎత్తు అడుగున్నర, వెడల్పు కూడా ఇంచుమించు అంతే ఉండాలి. వీపు ఆనించుకోవడానికి పక్కనే స్తంభం ఉంటే మరీ మంచిది. ఫౌంటెన్‌కయ్యే ఖర్చుతో ఇలాంటివి చాలానే కట్టవచ్చు.

జవాబు (మల్లేశ్వరం పాత విద్యార్థి)

నేను ఐఐఎస్‌సీలో పరిశోధన చేశాను కనుక చెట్ల గురించి చెబుతాను. 1909లో ఏర్పడిన ఆ సంస్థకు మైసూరు సంస్థానం సుమారు 371 ఎకరాలు ఇచ్చింది. ఇప్పుడు అడవిలా కనిపించే ఆ చోటు మొదట్లో పొదలు తప్ప పెద్దగా ఏమీలేని నేల. ఆ పచ్చదనంలో ఎక్కువ భాగం మనుషులు నాటి పెంచినదే. లోపలి రోడ్లకు గుల్‌మొహర్ మార్గ్, మహాగని మార్గ్ అంటూ చెట్ల పేర్లే పెట్టారు. ఎవరైనా దారి అడిగితే చెట్టు పేరుతోనే చెబుతాం! ముందు టాటా విగ్రహం ఉన్న ప్రధాన భవనాన్ని సందర్శకులు ఫొటోలు తీసుకుంటారు గానీ, విద్యార్థి జ్ఞాపకంలో మిగిలేది రాత్రి ప్రయోగశాల నుంచి హాస్టల్‌కు సైకిలు తొక్కుకుంటూ వచ్చిన దారి.

పామ్ చెట్లు వద్దని గట్టిగా చెప్పండి. నాటిన నాడే ఎత్తుగా కనిపిస్తాయని కాంట్రాక్టర్లకు వాటి మీద మోజు. నీడ మాత్రం ఒక మనిషికైనా చాలదు. కానుగ, వేప, నేరేడు నాటించండి. లాల్‌బాగ్‌ను తీర్చిదిద్దిన క్రుంబీగెల్, ఒక జాతి పూత ముగిసేసరికి మరొకటి పూసేలా ఈ నగరానికి చెట్లను ఎంపిక చేశారు. ఆ పద్ధతి పాటిస్తే ఏ పరీక్ష ఏ పూల కాలంలో వచ్చిందో పిల్లలకు గుర్తుంటుంది. పునాదులు తవ్వేటప్పుడు పై మట్టిని విడిగా కుప్ప పోయించి ఉంచండి. లారీలు తిరిగి గట్టిపడ్డ నేలలో ఏ మొక్కా సరిగా వేరూనదు.

జవాబు (రిటైర్డ్ వార్డెన్, కోరమంగళ)

పై ఇద్దరూ చెప్పినదాన్ని కాదనను గానీ, అసలు విషయం వదిలేశారు. వాళ్లు చెప్పిన రెండు చోట్లా విద్యార్థులు అక్కడే ఉంటారు, అక్కడే తింటారు, అర్ధరాత్రి దాకా తిరుగుతారు. మీ పిల్లలు సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతారు. నేను పనిచేసిన ఒక కళాశాలలో చక్కటి మెట్ల వరుస ఉండేది, దాని మీద ‘ఇక్కడ కూర్చోరాదు’ అన్న బోర్డూ ఉండేది. ఆడపిల్లా మగపిల్లాడూ పక్కపక్కన కూర్చుంటే సెక్యూరిటీ అతను ఈల ఊదేవాడు. అలాంటి నియమాలు ఉన్నంతకాలం దోషిగారే వచ్చి కట్టినా ఆ వరండాలు ఖాళీగానే ఉంటాయి. కాబట్టి నమూనాతో పాటు, ఆ చోట్లు ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటాయో కూడా కమిటీ మినిట్స్‌లో రాయించండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. వార్డెన్‌గారి మాట కొంచెం గుచ్చుకుంది, ఎందుకంటే మా దగ్గరా అలాంటి బోర్డు ఒకటుంది. మరో చిన్న విషయం: స్థలంలో ఈశాన్యం మూల ఒక పెద్ద చింతచెట్టు ఉంది. నమూనాలన్నీ దాన్ని కొట్టేసి బస్సుల పార్కింగ్ చూపిస్తున్నాయి.

జవాబు (జయనగర్ ఆర్కిటెక్టు)

చెట్టును కొట్టనివ్వకండి, బస్సులను మాత్రం ఆ వైపే ఉండనివ్వండి. మీ పిల్లలు రోజూ తప్పనిసరిగా ఎదురుచూసే చోటు అదొక్కటే కదా. కొమ్మలు ఎంత మేర విస్తరించాయో అంత మేరా కంచె వేయించి, పని పూర్తయ్యేదాకా సిమెంటు, ఇనుము, లారీలు లోపలికి రానివ్వవద్దు. డ్రైనేజీ పైపులూ ఆ కంచె బయటి నుంచే పోవాలి. బస్సులు కంచె బయట ఆగుతాయి. అరుగు కూడా తరగతి గదుల దగ్గర కంటే ముందు అక్కడే కట్టించండి, వేళ్లు తెగకుండా పునాది తీయకుండా రాతి దిమ్మెల మీద పలకలు పరిపించి.